వెయిన్, సిర, నరం, ఈనె: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఇంగ్లీషు ‘వెయిన్’ మీద, దాని చుట్టూ తిరిగే ఆర్టరీ, నర్వ్, కేపిలరీ వంటి మాటల మీద వచ్చిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాం. ఒకే సందేహం పలువురు అడిగిన చోట కలిపి ఒకటిగా ఇచ్చాం.

ప్రశ్న: ఇంగ్లీషు నుంచి తెలుగుకు అనువాదాలు చేస్తుంటాను. వెయిన్ అనే మాటకు నిఘంటువులో రక్తనాళం, గనిలో ఖనిజపు చార, ఆకు ఈనె, పాలరాతిలో గీత, మనిషి ధోరణి అని ఇన్ని అర్థాలున్నాయి. మొదట రక్తనాళమై, మిగతావి పోలిక మీద తర్వాత పుట్టాయా? వాక్యంలో ఏది ఎక్కడ వాడాలి?
— అనువాదకురాలు, హైదరాబాద్

జవాబు: ఇంగ్లీషు వరకే చూస్తే అలాగే అనిపిస్తుంది. వెనక్కి వెళితే లెక్క మారుతుంది. ఈ మాట 1300 ప్రాంతంలో పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. ఫ్రెంచికి లాటిన్ ‘వేనా’ నుంచి దక్కింది. లాటిన్ వాళ్ళు వేనాను రక్తనాళానికీ, రాతి మధ్య లోహపు చారకూ, భూమి లోపలి నీటి దారికీ కూడా వాడారు. మన దగ్గర బావి తవ్వేవాళ్ళు ‘జల తగిలింది’ అంటారే, ఆ జల. మనిషిలో సహజంగా ఊరే ప్రతిభ కూడా వేనాయే. రోమన్ కవి హొరేస్ కవిత్వం గురించి చెబుతూ, సంపన్నమైన వేనా లేనిదే ఒట్టి సాధన ఏం చేస్తుందని అడుగుతాడు. అంటే ఇంగ్లీషువాళ్ళు అరువు తెచ్చుకునే నాటికే ఈ అర్థాలన్నీ మూటలో ఉన్నాయి. ఒక్కొక్కటీ ఒక్కో కాలంలో బయటపడింది. గని చార అనే అర్థం ఇంగ్లీషులో 14వ శతాబ్దం చివర కనబడుతుంది, ధోరణి అనే అర్థం 16వ శతాబ్దంలో. షేక్‌స్పియర్ నాటకంలో మూడో రిచర్డ్ రాజు బకింగ్‌హామ్ ప్రభువును తిప్పి పంపేటప్పుడు, ఇవాళ తాను ఇచ్చే ‘వెయిన్’లో లేనంటాడు. ఇచ్చే మనసులో లేను అని.

అంతకుముందు ఇంగ్లండ్‌లో సొంత మాటే ఉండేది: ‘ఆడ్రె’. దాని చుట్టం జర్మన్ ‘ఆడర్’ నేటికీ వాడుకలో ఉంది. ఆడ్రెకు ముందు ‘నీరు’ అనే మాట చేర్చితే నీటి ఊట అని అర్థం వచ్చేది. రెండు వేర్వేరు భాషల్లోనూ ఒంట్లోని దారినీ భూమిలోని దారినీ ఒకే మాటతో పిలిచారంటే, ‘లోపల సన్నగా సాగే దారి’ అన్నదే ఈ మాటల అసలు పట్టు అని మా అభిప్రాయం. ఫ్రెంచివాళ్ళు ఇంకాస్త ముందుకెళ్ళి, తమ ‘వెన్’ను అదృష్టం అనే అర్థంలో కూడా వాడుతున్నారు.

ఇక అనువాదం. ‘ఇన్ ద సేమ్ వెయిన్’ అంటే ‘అదే ధోరణిలో’ లేదా ‘అదే వరసలో’. ‘ఇన్ ఎ లైటర్ వెయిన్’ అంటే ‘సరదాకి’. ఇంతకు మించి సాగదీయక్కర్లేదు. ‘తేలికైన పంథాలో’ అని పత్రికల్లో కనిపిస్తుంది గానీ అలా ఎవరూ మాట్లాడరు. ఒక నవలలో హాస్యపు వెయిన్ సాగుతోందంటే ‘అడుగడుగునా హాస్యం తొంగిచూస్తుంది’ అనవచ్చు. ఒకరి వెయిన్లలో ఫలానా రక్తం పారుతోందన్న చోట ‘సిరల్లో’ అని రాస్తే శరీరశాస్త్రపు పాఠం అయిపోతుంది. అక్కడ ‘నరనరాన’ అనాల్సిందే. ఇంగ్లీషువాళ్ళు కూడా ఆ వాక్యంలో వెయిన్ అన్నప్పుడు ధమనులను, అంటే గుండె నుంచి రక్తం తీసుకెళ్ళే నాళాలను, మినహాయించి మాట్లాడరు. వైద్య నివేదికలో మాత్రం వెయిన్ అంటే గుండెకు రక్తం తిరిగి తెచ్చే సిర, అంతే. అక్కడ నరం అని రాస్తే ప్రమాదం. ఎందుకో కింద ల్యాబ్ టెక్నీషియన్ గారి ప్రశ్నలో చూడండి.

ప్రశ్న: ‘వెరికోస్ వీన్స్’ అనాలా, ‘వెయిన్స్’ అనాలా? ‘వెనమ్’ అనే విషం మాటకూ దీనికీ సంబంధం ఉందా?
— ఫార్మసీ విద్యార్థి, గుంటూరు

జవాబు: వెయిన్స్. వర్షానికి ‘రెయిన్’ అంటామే, దానితో ప్రాస కలుస్తుంది. స్పెల్లింగులో ఈ పక్కన ఐ ఉండడం చూసి వీన్ అని చదివేస్తుంటారు. గర్విష్ఠి, వృథా అనే అర్థాలున్న ‘వెయిన్’ ఉచ్చారణ కూడా ఇదే గానీ, అది లాటిన్ ‘వానుస్’ (ఖాళీ) నుంచి వచ్చింది. గాలి ఎటు వీస్తోందో చూపే ‘వెయిన్’ మూడోది. అది జెండా అనే అర్థమున్న పాత ఇంగ్లీషు మాట. పలుకు ఒకటే, పుట్టుకలు మూడు. వెనమ్‌కు మూలం ‘వెనేనుమ్’, మన మాటతో చుట్టరికం లేదు. వీనస్, వెనస్ దగ్గర కూడా జాగ్రత్త. సిరకు సంబంధించిన అని చెప్పే విశేషణం ‘వీనస్’ అనే పలుకుతారు, శుక్రగ్రహంలాగే. రాతలో మాత్రం వేరు, పుట్టుకా వేరు. ‘వెరికోస్’ లాటిన్ ‘వారిక్స్’ నుంచి వచ్చింది. ఆ మాటకే ఉబ్బిన సిర అని అర్థం.

ప్రశ్న: ‘ఆర్టరీ’ అంటే అసలర్థం గాలి గొట్టమని ఒక పుస్తకంలో చదివాను. రక్తం ఉండే గొట్టానికి గాలి పేరు ఎలా వచ్చింది? మన ‘ధమని’ పుట్టుక ఏమిటి?
— జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, నల్లగొండ

జవాబు: గ్రీకు ‘ఆర్టీరియా’ తొలి వాడుకల్లో శ్వాసనాళం కూడా ఉంది. ఆ మాటను ‘గాలిని ఉంచుకునేది’ అని విడదీసి చెప్పడం ప్రాచీనుల అలవాటు. నేటి భాషా చరిత్రకారులు దాన్ని అంతగా ఒప్పుకోరు. ఎత్తడం, వేలాడదీయడం అనే అర్థమున్న గ్రీకు క్రియతో కలుపుతారు. బృహద్ధమనికి వాడే ‘అయోర్టా’ కూడా ఆ క్రియ బిడ్డే. కాబట్టి ‘గాలి గొట్టం’ అనేది మాట పుట్టుక కన్నా, ఆ గొట్టం గురించి అప్పటివాళ్ళు ఏమనుకున్నారో చెబుతుంది.

అలా అనుకోవడానికి కళ్ళెదుట కారణం ఉంది. ప్రాణం పోయాక ధమనుల మందపాటి గోడలు బిగుసుకుని లోపలి రక్తాన్ని ముందుకు నెట్టేస్తాయి. అది సిరల వైపు చేరుతుంది. శవాన్ని కోసి చూసినవాళ్ళకు సిరల నిండా రక్తం, ధమనులు దాదాపు ఖాళీ. కాస్ ద్వీపానికి చెందిన ప్రాక్సగోరస్ క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో రెండు రకాల నాళాలనూ స్పష్టంగా విడదీసి, ధమనుల్లో ఉండేది ‘న్యూమా’ అన్నాడు. ప్రాణవాయువు వంటి ఊహ అది. తర్వాతి శతాబ్దంలో ఎరాసిస్ట్రేటస్ అదే పట్టుకున్నాడు. మరి బతికున్నవాడి ధమని కోస్తే రక్తం చిమ్ముతుందేం అంటే ఆయన దగ్గర తెలివైన జవాబే ఉంది: కోయగానే న్యూమా తప్పించుకుపోతుంది, ఆ ఖాళీలోకి సిరల నుంచి సన్నని దారుల గుండా రక్తం దూసుకొస్తుంది. తప్పే, కానీ ఆ సన్నని దారుల ఊహ మాత్రం దాదాపు రెండు వేల ఏళ్ళ తర్వాత నిజమైంది.

దీన్ని క్రీస్తుశకం 2వ శతాబ్దంలో గాలెన్ పరీక్షకు పెట్టాడు. బతికున్న జంతువు ధమనిని రెండు చోట్ల దారంతో కట్టి, ఆ రెండు ముడుల మధ్య కోశాడు. రెండు వైపులా దారి మూసుకుంది కాబట్టి ఎక్కడి నుంచీ ఏదీ దూసుకొచ్చే వీల్లేదు. అయినా అందులో రక్తమే ఉంది. పేరు మాత్రం మారలేదు. మరో తమాషా ఏమంటే, అసలు గాలి గొట్టానికి గ్రీకులో ‘గరుకు ఆర్టీరియా’ అని పేరు. లోపలి ఉంగరాల వల్ల తడిమితే గరుకుగా తగులుతుంది గనక. కాలక్రమంలో ఆర్టీరియా జారిపోయి ‘గరుకు’ అనే విశేషణం ఒక్కటే మిగిలింది. మీరు పిల్లలకు చెప్పే ‘ట్రేకియా’ అదే.

ధమని విషయానికి వస్తే, దాని ధాతువు ‘ధ్మా’, ఊదడం. భగవద్గీత మొదటి అధ్యాయంలో భీష్ముడు శంఖం పూరించిన చోట వచ్చే ‘శంఖం దధ్మౌ’లో ఉన్నది ఆ ధాతువే. చరకసంహిత సూత్రస్థానంలో మూడు పేర్లకు ఒకే వాక్యంలో వ్యుత్పత్తి ఉంది: ధ్మానాత్ ధమన్యః, స్రవణాత్ స్రోతాంసి, సరణాత్ సిరాః. పూరించడం వల్ల ధమని, స్రవించడం వల్ల స్రోతస్సు, సాగిపోవడం వల్ల సిర. గ్రీకు గాలికీ మన ఊదడానికీ పోలిక ఉంది కదా అని ఒకరి నుంచి ఒకరు తీసుకున్నారని క్లాసులో చెప్పకండి. చేత్తో తాకితే ధమని కొట్టుకుంటుంది, సిర కొట్టుకోదు. ఆ తేడా గమనించిన ఎవరికైనా లోపల ఏదో ఊదుతున్నట్టు తోచవచ్చు.

ఇంకొక జాగ్రత్త. సుశ్రుతుడు 700 సిరలు, 24 ధమనులు చెప్పాడు. ఆ 700లో వాత, పిత్త, కఫ, రక్తాలను మోసేవి తలా 175. ఆ సిరనూ ఇప్పటి పాఠ్యపుస్తకపు సిరనూ ఒకటి చేసి లెక్కలు సరిచూడడం కుదరదు. పాత పేర్లను తీసుకుని కొత్త శరీరశాస్త్రపు అవయవాలకు తొడిగారు, అంతే.

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. ‘మంచి రక్తం మోసేది ధమని, చెడు రక్తం మోసేది సిర’ అని నేర్చుకుంది. పుపుస ధమని దగ్గరికి వచ్చేసరికి తలకిందులైంది. పైగా సిరలు నీలంగా కనబడతాయి కాబట్టి అందులో నీలం రక్తం ఉందంటోంది.
— ఒక తండ్రి, కర్నూలు

జవాబు: ఆ నిర్వచనాన్ని చెరిపేయించండి. గుండె నుంచి బయటికి తీసుకెళ్ళేది ధమని, గుండెకు తిరిగి తెచ్చేది సిర. దిశ ఒక్కటే కొలత. పుపుస ధమని గుండె నుంచి ఊపిరితిత్తులకు పోతుంది కాబట్టి ధమని, అందులో ఆక్సిజన్ తక్కువ రక్తం ఉన్నా సరే. పుపుస సిరలు ఆక్సిజన్ నిండిన రక్తాన్ని గుండెకు తెస్తాయి. బొడ్డుతాడు కూడా ఇంతే. అందులో రెండు ధమనులు, ఒక సిర ఉంటాయి. శిశువు గుండె నుంచి మాయ వైపు వెళ్ళే ధమనుల్లో ఆక్సిజన్ తక్కువ, మాయ నుంచి వచ్చే సిరలో ఎక్కువ. పరీక్షలో మార్కు పోయేది సాధారణంగా ఇక్కడే.

ఈ గందరగోళం మీ అమ్మాయితో మొదలైంది కాదు. గాలెన్ కాలం నుంచి పుపుస ధమనిని ‘ధమని వంటి సిర’ అనీ, పుపుస సిరను ‘సిర వంటి ధమని’ అనీ పిలిచేవారు. గుండె కుడివైపు తగిలించి ఉన్నదంతా సిరల పక్షం, ఎడమవైపుది ధమనుల పక్షం అని లెక్క. గోడ మందం చూస్తే మాత్రం అటూ ఇటూ. అందుకే ఆ జంట పేర్లు. రక్తం చుట్టి వస్తుందని తేలితే తప్ప ‘దిశ’ అనే కొలతకు చోటే లేదు. విలియం హార్వే 1628లో ఆ సంగతి నిరూపించాడు. ధమని చివర నుంచి సిర మొదలుకు రక్తం ఎలా చేరుతుందో ఆయన కంటితో చూడలేదు. 1661లో ఇటలీలో మాల్పీగీ కప్ప ఊపిరితిత్తిని సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఆ రెంటినీ కలిపే సన్నని కేశనాళికలను చూశాడు. అప్పటికి హార్వే పోయి నాలుగేళ్ళయింది.

రంగు సంగతి. మనిషి ఒంట్లో నీలం రక్తం ఎక్కడా లేదు. ఆక్సిజన్ తగ్గితే ముదురు ఎరుపు అవుతుంది, అంతే. చర్మం మీద పడిన వెలుతురులో ఎరుపు వాటా లోతుకు దిగి సిరలోని రక్తానికి చిక్కుతుంది. నీలం వాటా పైపై పొరల నుంచే తిరిగి కంటికి చేరుతుంది. చుట్టుపక్కల చర్మంతో పోలిస్తే ఆ గీత మీద ఎరుపు లోటు పడి నీలిపచ్చగా తోస్తుంది. పుస్తకంలో బొమ్మలకు ఎరుపు, నీలం వేయడం గుర్తు కోసం.

నమ్మకం కుదరాలంటే హార్వే చూపిన పరీక్షే ఇంట్లో చేయించండి. సిరలు తేలి కనిపించే పెద్దవాళ్ళ చేయి మంచిది. మోచేతికి పైన రుమాలు కట్టండి, మణికట్టు దగ్గర నాడి తగులుతూ ఉండేంత వదులుగా. ఒక నిమిషం లోపే ముంజేతి మీద సిరలు ఉబ్బి, అక్కడక్కడ చిన్న గుబ్బలు తేలతాయి. అవి కవాటాలు, రక్తాన్ని ఒకే వైపు పోనిచ్చే తలుపులు. ఒక వేలితో సిరను ఒకచోట నొక్కి పట్టండి. రెండో వేలితో అక్కడి నుంచి మోచేతి వైపు రక్తాన్ని తోస్తూ ఒక గుబ్బ దాటించి వేలు తీసేయండి. గుబ్బ కింది భాగం ఖాళీగా, చదునుగా ఉండిపోతుంది. పై రక్తం వెనక్కి దిగదు. ఇప్పుడు మొదటి వేలు ఎత్తితే కింది నుంచి క్షణంలో నిండుతుంది. చేతిలో రక్తం సిర గుండా గుండె వైపే పోతుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. రుమాలు మరీ బిగిస్తే ఏ సిరా ఉబ్బదు, చేయి పాలిపోతుంది. ధమని దారి కూడా మూసుకుపోవడమే కారణం. అదీ చూడదగ్గదే గానీ వెంటనే విప్పేయాలి. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్ళ మీద, డయాలసిస్ కోసం ఫిస్టులా చేసిన చేతి మీద ఈ పరీక్ష వద్దు.

ఆ కవాటాల గురించి 1603లో పుస్తకం అచ్చు వేసింది పాదువాలో హార్వే గురువైన ఫాబ్రిసియస్. రక్తం ఒక్కసారిగా చేతులకూ కాళ్ళకూ దిగిపోకుండా ఆపే ఆనకట్టలని ఆయన అనుకున్నాడు. శిష్యుడు అదే గుబ్బను ఎదురు దిశ నుంచి చూశాడు.

ప్రశ్న: రక్తం తీయడానికి వచ్చినవాళ్ళు ‘నరానికి గుచ్చితే పక్షవాతం వస్తుందట కదా’ అని భయపడతారు. కాళ్ళ మీద సిరలు ఉబ్బినవాళ్ళు ‘నరాల డాక్టర్’ దగ్గరికి వెళుతున్నారు. నరం అనే మాటే తప్పా?
— ల్యాబ్ టెక్నీషియన్, కరీంనగర్

జవాబు: మాట తప్పు కాదు, అది మోసే బరువు ఎక్కువ. నరం అచ్చ ద్రావిడ మాట. తమిళంలో ‘నరంబు’, కన్నడంలో ‘నర’. ఒంట్లో తీగలా సాగేది ఏదైనా నరమే: రక్తనాళం, కండను ఎముకకు కట్టే పట్టీ, మెదడు నుంచి వచ్చే తంతి. తమిళంలో వీణ తీగ కూడా నరంబే. ఇది మన భాషల అలసత్వం అనుకోవద్దు. గ్రీకు ‘న్యూరాన్’, లాటిన్ ‘నెర్వుస్’ రెండూ మొదట కండ పట్టీకీ, వింటినారి వంటి తీగకూ వాడిన మాటలే. శాస్త్రం పెరిగాక వాటిని ఒక్క అర్థానికి కుదించారు. మన నరాన్ని ఎవరూ కుదించలేదు, అది ఇంట్లో మాటగానే ఉండిపోయింది. ‘నాడి’ది ఇంకో చిక్కు. పాఠ్యపుస్తకంలో నాడి అంటే నర్వ్. నాడి పట్టి చూడడంలో నాడి అంటే మణికట్టు దగ్గర బొటనవేలి వైపు కొట్టుకునే ధమని.

కౌంటర్ దగ్గర మీరు చెప్పదగ్గ మాట ఇది: ‘సూది వేసేది రక్తం పారే నరానికి, కబురు మోసే నరానికి కాదు.’ సిర అంటే చాలామందికి అర్థం కాదు. ‘రక్తనాళం’ అయితే అందరికీ తెలుసు. కాళ్ళ మీద మెలికలు తిరిగి ఉబ్బిన వాటికి వెళ్ళాల్సింది వాస్క్యులర్ సర్జన్ (రక్తనాళాల డాక్టర్) దగ్గరికి. అందుబాటులో లేకపోతే జనరల్ సర్జన్. న్యూరాలజిస్టు చూసేది తిమ్మిర్లు, పక్షవాతం, మూర్ఛ వంటివి. రిఫరల్ చీటీలో ‘నరాల సమస్య’ అని మాత్రం రాయకండి.

మీకు తెలిసిన పనే అయినా, పేషెంటు చదువుతారు కాబట్టి ఇక్కడ చెబుతున్నాం. సాధారణంగా ఎంచుకునేది మోచేతి మడతలో అడ్డంగా పోయే సిర. కాస్త లావుగా ఉంటుంది, కదిలిపోదు. పట్టీని సూది వేసే చోటికి నాలుగైదు వేళ్ళ పైన కడతారు. ఒక నిమిషం మించితే రక్తంలోని నీటి భాగం బయటి కణజాలంలోకి ఊరి, మిగిలింది చిక్కబడి, కొన్ని ఫలితాలు ఎక్కువ చూపిస్తాయి. పిడికిలి బిగించి ఉంచాలి, మూసి తెరిచి పంపు కొట్టకూడదు. అలా చేస్తే కండ నుంచి పొటాషియం రక్తంలోకి వచ్చి, లేని జబ్బు రిపోర్టులో కనబడుతుంది. సూది చర్మానికి 30 డిగ్రీలు మించని ఏటవాలులో వెళ్ళాలి. పట్టీ విప్పాకే సూది తీయాలి, లేకపోతే లోపల రక్తం చిమ్మి నీలంగా కమిలిపోతుంది. తర్వాత దూది పెట్టి మోచేయి మడిచి కూర్చోబెట్టడం మన దగ్గర అలవాటైపోయింది. అది కూడా కమలడానికి దారే. చేయి చాచి, దూదిని రెండు మూడు నిమిషాలు నొక్కి పట్టుకోవాలి, రుద్దకూడదు.

ఏది గుచ్చుకుందో లక్షణం చెబుతుంది. రక్తం చిక్కని ఎరుపుతో నెమ్మదిగా వస్తే సిర. మెరిసే ఎరుపుతో కొట్టుకుంటూ వస్తే ధమని. అప్పుడు సూది తీసేసి కనీసం 5 నిమిషాలు గట్టిగా నొక్కాలి, ఆగకపోతే డాక్టరును పిలవాలి. వేళ్ళ దాకా కరెంటు కొట్టినట్టు జివ్వుమంటే అది నర్వ్. పేషెంటు ఓర్చుకోకూడదు, వెంటనే చెప్పాలి. సూది తక్షణం తీసేయాలి. అక్కడే అటూ ఇటూ తిప్పి వెతకడమే అసలు హాని.

‘నరం దొరకడం లేదు’ అనే మాటకు కారణాలు చాలావరకు మామూలువే: నీళ్ళు తాగకపోవడం, ఏసీ చలి, ఒళ్ళు. పరగడుపున రమ్మన్నారంటే మంచినీళ్ళు మానమని కాదు, డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప. ముందు రోజు రాత్రి, ఆ ఉదయం నీళ్ళు తాగి వస్తే, చేతిని కాసేపు కిందికి వేలాడేసి గోరువెచ్చని గుడ్డ వేస్తే సగం ఇబ్బంది తీరుతుంది.

ప్రశ్న: రొయ్యల వీపున ఉండే నల్ల నరాన్ని ఇంగ్లీషులోనూ ‘వెయిన్’ అంటారు. అది రక్తనాళమేనా? తీయకపోతే విషమా?
— గృహిణి, భీమవరం

జవాబు: అది పేగు. నల్లగా, గోధుమరంగుగా ఉండేది తిన్న మేత, మట్టి. రొయ్యకు మనలాంటి సిరల వ్యవస్థ లేదు. గుండె నుంచి కొన్ని నాళాల గుండా వచ్చిన ద్రవం అవయవాల మధ్య ఖాళీల్లోకి పారి మళ్ళీ గుండెకు చేరుతుంది. అందులో ఇనుముకు బదులు రాగి ఉన్న పదార్థం ఆక్సిజన్‌ను మోస్తుంది. కాబట్టి అది ఎర్రగా ఉండదు, ఆక్సిజన్ పట్టినప్పుడు లేత నీలం. మీ రొయ్యకు నీలం రక్తం నిజంగానే ఉంది! పొట్ట వైపు కనబడే తెల్లని సన్నని గీతను కూడా కొందరు వెయిన్ అంటారు. అది నాడీ తంతువు. అంటే తెలుగులో ‘నరం’ అంటే అక్కడ మాత్రం అక్షరాలా సరిపోతుంది.

బాగా ఉడికిస్తే పేగు విషం కాదు. పెద్ద రొయ్యల్లో ఇసుక పంటికి తగులుతుంది, కాస్త చేదు వస్తుంది. చిన్నవాటిని అలాగే వండుకోవచ్చు. తీయాలంటే తల తీసిన రొయ్యను వీపు పైకి ఉండేలా కొద్దిగా వంచండి. తల వైపు నుంచి రెండో, మూడో పెంకుల మధ్య సందులో టూత్‌పిక్‌ను గీత కిందుగా రెండు మూడు మిల్లీమీటర్ల లోతున అడ్డంగా దూర్చి, మెల్లగా పైకి లాగండి. మొత్తం తీగలా వస్తుంది. తెగితే తర్వాతి సందులో మళ్ళీ పట్టుకోండి. మాటిమాటికీ పిప్పిపిప్పిగా తెగుతోందంటే రొయ్య తాజాగా లేదేమో చూసుకోండి. చచ్చాక పేగులోని రసాలే పేగును మెత్తబరుస్తాయి. ఎగుమతి ప్యాకెట్ల మీద పీడీ అంటే పెంకూ పేగూ తీసినవి, పీయూడీ అంటే పెంకు మాత్రం తీసి పేగు ఉంచినవి. కొనేటప్పుడు ఆ ఒక్క అక్షరం చూసుకోండి.

ప్రశ్న: బంగారు గనుల్లో ‘వెయిన్’ అంటే ఏమిటి? తెలుగులో ఏమనాలి?
— డిగ్రీ విద్యార్థి, అనంతపురం

జవాబు: రాతిలో పగులు పడుతుంది. లోతు నుంచి ఖనిజాలు కరిగి ఉన్న వేడినీరు ఆ పగులు గుండా పైకొస్తూ చల్లబడి, మోసుకొచ్చినదాన్ని అక్కడే వదిలేస్తుంది. ఎక్కువగా మిగిలేది పలుగురాయి. కొన్నిచోట్ల దానితో పాటు బంగారం. కోలార్‌లో తవ్వింది ఇలాంటి పలుగురాతి వెయిన్లనే. అక్కడ వాటిని ‘రీఫ్’ అనేవారు, ఛాంపియన్ రీఫ్ ఆ పేరే. ఒకప్పుడు మీ జిల్లాలో ఉండి, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళిన రామగిరిలో ఉన్నదీ ఈ రకమే. తెలుగులో ‘పలుగురాతి చార’ అంటే పొలం దున్నే రైతుకు కూడా అర్థమవుతుంది. ‘ఖనిజ సిర’ అని పుస్తకాల్లో చూశాం, దాన్ని పుస్తకాలకే వదిలేద్దాం.

ఆకు విషయంలో మనకు అసలు సమస్యే లేదు. తమలపాకుకు సున్నం రాసే ముందు తీసేదీ, కొబ్బరాకు నుంచి చీపురుకు తీసేదీ ఈనె. పాఠ్యపుస్తకం కూడా ‘ఈనెల వ్యాపనం’ అనే అంటుంది. ఆకు ఈనెలో రెండు రకాల నాళాలు ఉంటాయి: నీళ్ళు తెచ్చేవి, తయారైన ఆహారం తీసుకెళ్ళేవి.

ప్రశ్న: కేపిలరీ, జగ్యులర్, కెరోటిడ్, కరోనరీ. వీటి అర్థాలు ఒక్కో ముక్కలో చెప్పండి.
— నర్సింగ్ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: కేపిలరీకి మూలం లాటిన్‌లో వెంట్రుక. మన ‘కేశనాళిక’ దానికి సరైన తెలుగు రూపం. నిజానికి వెంట్రుక దానికన్నా దాదాపు పది రెట్లు లావు. ఒక ఎర్రకణం ఒదిగి దూరేంత సందే అందులో ఉంటుంది. జగ్యులర్‌కు మూలం గొంతు, మెడ ఎముక చోటును చెప్పే మాట. కరోనరీ అంటే కిరీటపు. గుండె పైభాగం చుట్టూ కిరీటంలా ఉంటుంది గనక. పోర్టల్ అంటే ద్వారం, కాలేయపు గుమ్మంలోకి వెళ్ళే సిర. ఇది రెండు చివరలా కేశనాళికలే ఉన్న అరుదైన సిర, పరీక్షలో అడుగుతారు. కెరోటిడ్ గ్రీకు మాట, స్పృహ తప్పించేది అని. మెడలో రెండు వైపులా ఈ ధమనులను నొక్కితే మనిషి పడిపోతాడని వాళ్ళకు తెలుసు. అందుకే మెడ దగ్గర నాడి చూడాల్సి వస్తే ఒక వైపే, మెల్లగా చూడండి. రెండు వైపులా ఒకేసారి నొక్కవద్దు.